సెల్ఫు అందుకొనని పాత లారీ

విజయనగరమునుండి గజపతినగరము, రామభద్రపురముల మీదుగా సాలూరు చేరి, అచటినుండి సుంకి కనుమ నెక్కి కోరాపుట్టు దిక్కునకు పోవు రహదారి మన శ్రోతలలో పలువురకు పరిచితమే. సాలూరు పట్టణము 1950లో ఏర్పడిన శ్రీకాకుళము జిల్లాలో నుండి, 1979లో విజయనగరము జిల్లాలోనికి, 2022లో పార్వతీపురము మన్యము జిల్లాలోనికి వచ్చినది. జిల్లాలు మారినను ఊరి వృత్తి మారలేదు. లారీలు కొనుట, తోలుట, బాగుచేయుట, వానికి బాడీ కట్టుట అచటి అనేక కుటుంబములకు నేటికిని కూడు పెట్టుచున్నవి.

కొంతకాలము క్రిందట మేము ధ్వనిముద్రణ పనిమీద ఆ ఊరు పోయియుంటిమి. తెల్లవారుజామున రోడ్డు ప్రక్కనున్న ఒక షెడ్డు ముందు, చింతపండు బస్తాలతో నిండిన పాత లారీ యొకటి నిలిచియుండెను. డ్రైవరే దానికి యజమాని. తాళము త్రిప్పినప్పుడెల్ల ‘టక్’ మను శబ్ద మొక్కటి వినవచ్చుచున్నది. ఇంజను మాత్రము కదలదు. సెల్ఫు మోటారు పోయినది, క్రొత్తది వేయవలసినదేయని అంతకుముందే ఎవరో ఆయనకు చెప్పిరట. సాయంకాలములోగా సరకు దింపకున్న బాడుగలో కోత పడును. మోటారు కొన్నచో లారీమీది అప్పునకు ఆ నెల కట్టవలసిన వాయిదా సొమ్ము చేయి జారును. ఆ రెండు లెక్కలును ఆయన ముఖముననే కనబడుచుండెను.

షెడ్డులోని వృద్ధ మేస్త్రి వెంటనే లారీ క్రిందికి దూరలేదు. “ముందు బేటరీ సూద్దాం బాబూ, సెల్ఫు మాట తర్వాత” అని, క్లీనరు కుర్రవానివైపు తిరిగి “ఒరే గుంటడా, లైట్లెయ్యి” అనెను. ఆయన లైట్లు వేయించుటకు గల కారణము తెలియవలెనన్న, ఈ మోటారు చేయు పని యేమో కొంచెము తెలిసికొనవలెను.

మోటారు బండ్లు వచ్చిన తొలినాళ్ళలో ముందుభాగమున హ్యాండిలు దూర్చి చేతితో త్రిప్పి ఇంజనును లేపెడివారు. ఇంజను ఎదురు తన్నినచో మణికట్టు విరుగుచుండెను. విద్యుత్తుతో దానిని త్రిప్పు సాధనమును అమెరికాలోని డేటన్ నగరవాసి చార్లెస్ కెటరింగ్ రూపొందింపగా, 1912 నాటి కాడిలాక్ కార్లలో అది వచ్చినది. ఆయన అంతకుముందు దుకాణములలో డబ్బు లెక్కించు యంత్రములకు విద్యున్మోటారు అమర్చిన ఇంజనీరు. చిన్న మోటారునుండియైనను కొద్ది సెకనులపాటు దాని శక్తికి మించిన పని రాబట్టవచ్చునని, అది వేడెక్కి చెడులోపల పని ముగించి విడిచిపెట్టవచ్చునని ఆయన గ్రహించెను. నేటి లారీ సెల్ఫు మోటారు కూడ ఈ సూత్రము మీదనే నడచుచున్నది. ఒక్కసారికి పది సెకనులకు మించి త్రిప్పరాదనియు, పిమ్మట నిమిషమైన విశ్రాంతి నీయవలెననియు చెప్పుట అందుకొరకే.

డీజిలు ఇంజనులో ఈ పని మరింత కష్టము. అందు మంట పుట్టించు నిప్పురవ్వ లేదు. సిలిండరులోని గాలి తన పరిమాణములో ఇంచుమించు పదునారవ, పదునేడవ వంతునకు అణగద్రొక్కబడి, ఆ ఒత్తిడి వేడికే డీజిలు అంటుకొనవలెను. నెమ్మదిగా త్రిప్పినచో ఆ వేడి సిలిండరు గోడలలోనికే పోవును. కావున మోటారు ఇంజనును వేగముగా త్రిప్పవలెను. అందులకు వందలకొలది ఆంపియర్ల విద్యుత్తు కావలెను. పెద్ద లారీలలో సాధారణముగ 12 వోల్టుల బ్యాటరీలు రెండింటిని వరుసగా కలిపి 24 వోల్టులు చేయుదురు. ఇచట చిన్న లెక్క యొకటి వేయుదము. తుప్పుపట్టిన కొస యొకచోట ఓములో 50వ వంతు నిరోధము కలదనుకొందము. 300 ఆంపియర్లు ప్రవహింపబోవునప్పుడు అచటనే 6 వోల్టులు ఖర్చగును. ఇరువదినాలుగింట నాలుగవ వంతు మోటారు ముఖము చూడకయే పోయినదన్నమాట. ఆ శక్తి వేడిగా మారును గనుక, పదేపదే సెల్ఫు కొట్టిన పిదప అట్టి కొసను తాకిన వేడి తెలియును.

ఇక లైట్ల సంగతి. సెల్ఫు కొట్టినపుడు దీపములు బాగుగ మసకబారి ‘టకటక’ మను చప్పుడు వచ్చినచో బ్యాటరీ నీరసించినదనియో, దాని కొసలు వదులైనవనియో తలచవలెను. దీపములు మిక్కిలి మసకబారి మోటారు మూలుగుచున్నచో లోపల బుషులు అరిగి ఆర్మేచరు రాచుకొనుచుండవచ్చును. ఇంజనే బిగిసికొనియు నుండవచ్చును. మోటారు గిరగిర తిరిగి ఇంజను తిరుగకున్న దోషము పినియనుది. మా ఎదుటనున్న లారీలో దీపములు ఏమాత్రము తగ్గలేదు. ‘టక్’ మన్నది మాత్రము వినబడినది. అనగా సోలెనాయిడు లాగుచున్నది గాని, పెద్ద విద్యుత్తు మోటారుకు పోవుట లేదు. కార్బన్ బ్రష్షులు అరిగిపోవుట చేతను ఇట్లే జరుగును. అందుచేత ఆ మొదట చెప్పినవారిని మేము తప్పుపట్టము. వారు ఇంకొక్క అడుగు వేయలేదు, అంతే.

మేస్త్రి ఆ అడుగు వేసెను. గేరు న్యూట్రలులో నున్నదని తన చేతితో కదిపి చూచుకొని, లావుపాటి కేబులు ఒకటి తెచ్చి, ఒక కొసను బ్యాటరీ నెగటివు కొసకు, రెండవ కొసను ఇంజను ఇనుముమీద గీకి శుభ్రపరచిన చోటను బిగించి, సెల్ఫు కొట్టుమనెను. ఇంజను లేచినది. ఇంజనుకును ఛాసిస్‌కును నడుమ నుండవలసిన అల్లిక రాగి పట్టీ, అదే ఎర్తు, పైకి నిండుగా కనబడుచున్నను మొదట పచ్చని పొడియై పోయినది. ఆ లారీ అంతకుముందు సముద్రపుటొడ్డున రొయ్యలు మోసినదని డ్రైవరు చెప్పెను. మంచు కరిగి కారిన ఉప్పునీరు లోపలి తీగలను తినివేసినది. నౌపడ ఉప్పు మోయు లారీలకును ఈ బాధ తప్పదు.

అదే దినమున ఆ షెడ్డులో మరియొక లారీకి నిజముగనే మోటారు మార్చుటయు చూచితిమి. దాని కమ్యుటేటరు కాలి నల్లబడియుండెను. చక్రములకు ముందు వెనుకల చెక్కలు పెట్టి, హ్యాండు బ్రేకు వేసి, గేరు న్యూట్రలులో నుంచి, మొట్టమొదట బ్యాటరీ నెగటివు కొసను ఊడదీసిరి. పాజిటివు ముందు విప్పినచో పానా జారి ఛాసిస్‌కు తగిలిన నిప్పులు రాలును. వ్రేలి ఉంగరము, చేతి గడియారము కూడ తీసివేయవలెను. ఉంగరము ఎర్రగ కాలి వ్రేలిని కాల్చిన సంగతులు మేస్త్రీలు చెప్పుదురు. తీగలకు రంగుదారములు కట్టి గుర్తుంచుకొనిరి. బోల్టులలో పై బోల్టు కంటికి కనబడదు. చేతితో తడవి పట్టుకొనవలెను. అది ఊడినవెంటనే మోటారు బరువంతయు మీదికి వచ్చును. అది పది కిలోలకు మించుటయు కద్దు. కావున క్రింద పరుండినవాని రొమ్ముమీద పడకుండ మరియొకరు పట్టుకొనియుండవలెను.

మోటారు తీసిన రంధ్రమునుండి ఫ్లైవీలు రింగు పండ్లను చూడకుండ క్రొత్తది బిగించుట వృథా ఖర్చు. ఇంజను ఆగునపుడు తోచినచోట ఆగదు, అణచబడిన గాలి వెనుకకు నెట్టిన చోటనే ఆగును. ఆరు సిలిండర్ల ఇంజనైన మూడు చోట్లను, నాలుగు సిలిండర్లదైన రెండు చోట్లను రింగు పండ్లు ఎక్కువగా అరుగును. ఇంజనును చేతితో చుట్టంతయు త్రిప్పి చూచిన గాని ఆ చోట్లు బయటపడవు. అరిగిన పండ్లమీద క్రొత్త పినియను నాలుగు నెలలు నిలువదు. వేయబోవు మోటారు వోల్టులు, తిరుగు దిక్కు, పినియను పండ్ల లెక్క, బోల్టు రంధ్రములు పాతదానితో సరిపోవలెను. పన్నెండు వోల్టుల మోటారుకు ఇరువదినాలుగు వోల్టులిచ్చిన మాడును. మోటారుకు ఎర్తు దాని ఒంటిద్వారానే పోవును గనుక, అది ఆనుచోట రంగు, తుప్పు గీకివేయవలెను. చివర పాజిటివు ముందు, నెగటివు తరువాత.

పాత మోటారును పాత ఇనుము వానికి అమ్ముట మాకు సమ్మతము కాదు. బ్రష్షులు, బుషులు మార్చి, కమ్యుటేటరును లేతుమీద సన్నగా చెక్కించిన, చాలభాగము మరల పనికివచ్చును. క్రొత్తదానితో పోల్చిన ఖర్చు స్వల్పము.

ఇంకొక మాట చెప్పక తప్పదు. తాళము పని చేయనపుడు లారీ క్రింద పరుండి, సోలెనాయిడు బోల్టులు రెండింటిమీద స్క్రూడ్రైవరు ఆనించి ఇంజనును లేపు అలవాటు కొందరికి కలదు. పాత లారీలలో గేరు పడియున్నను సెల్ఫు పని చేయును. అడ్డుకొను స్విచ్చి లేదు. గేరులో నుండగా అట్లు చేసిన, లారీ ముందుకు కదలి క్రిందివానిమీదనుండి పోవును. ఆ పని చేయుమని పంపబడువాడు తరచుగా క్లీనరు కుర్రవాడే. ఇంటనుండి బిడ్డను లారీ పనికి పంపు తలిదండ్రులు ఈ సంగతి వానికి ముందే చెప్పి పంపవలెనని మా కోరిక. ఆ పని చేయనని యజమానికి ఎదురు చెప్పుట తప్పుకాదని కూడ చెప్పవలెను.

చింతపండు లారీకి క్రొత్త ఎర్తు పట్టీ బిగించుటకు అరగంట పట్టినది. డ్రైవరు తాళము త్రిప్పగనే ఇంజను ఒక్క మారులో అందుకొన్నది. మేము మా యంత్రము తెరచి మైకు పట్టుకొనులోపల లారీ రోడ్డెక్కి కనుమవైపు మలుపు తిరిగినది. అందుచేత ఆ ధ్వనిని శ్రోతలకు వినిపింపలేకపోతిమి.