చిన్న కమతమునకు పుంగనూరు ఆవు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల నల్లరేగడి చేలలో గొర్రు, గుంటక లాగుటకు ఒంగోలు జాతివంటి పెద్దయెడ్లు కావలెను. కాని రెండెకరముల రైతు ఇంటి పాలకును, పెంటయెరువునకును పెద్ద ఆవునే మేపవలసిన పని లేదు. చిత్తూరు సీమలోని పుంగనూరు ఆవు అట్టివారికి తగినది.

ఈ ఆవు 70 మొదలు 90 సెంటీమీటర్ల ఎత్తును, 115 మొదలు 200 కిలోల బరువును కలిగియుండును. నొసలు వెడల్పు, కొమ్ములు పొట్టివి, తోక నేలనంటుచుండును. మన సీమలో దొరకు వరిగడ్డి, జొన్నచొప్ప, గట్లపై పచ్చిక దీనికి చాలును. పాలు కొద్ది, వెన్న మిక్కుటము. కావున దీనిని నమ్మి పాలవ్యాపారమునకు దిగరాదు.

కొనువారు ఎత్తును మాత్రమే చూచి జాతి నిర్ణయింపరాదు. మేతలేక గిడసబారిన దూడయు పొట్టిగనే యుండును. తల్లిని, తండ్రిని చూచి, పశువైద్యుని సలహాతో కొనుట మేలు.

అంతకన్న ముఖ్యము దాటించుట. పరజాతి ఆబోతుతో దాటించినచో జాతిలక్షణములు చెదరును. పెద్ద దూడను ఈనుట చిన్న ఆవునకు ప్రాణాపాయము కూడ. ఇట్టి సంకరము వలననే ఈ జాతి ఒకప్పుడు అంతరింపనుండగా, పలమనేరు పశుపరిశోధనా కేంద్రమున మందను నిలిపి కాపాడిరి. అట్లని ఇంట పుట్టిన కోడెతోనే మరల మరల దాటించినను సంతతి నీరసించును.

ఒక్క రైతు ఆబోతును మేపుట భారము. కావున ఊరిలో నలుగురు కలసి, వేరొక మందనుండి మేలైన పుంగనూరు ఆబోతును తెచ్చి ఉమ్మడిగా పోషించుకొనవలెను. కొన్ని యేండ్లకొకసారి దానిని మార్చుచుండవలెను. ఇంటికి పాలు, చేనికి ఎరువు, జాతికి రక్షణ, మూడును అప్పుడే సమకూరును.