బూడిద దిబ్బలు చెప్పు చరిత్ర

చరిత్ర యనగానే మనకు రాజులు, యుద్ధములు, శాసనములు స్ఫురించును. ఉదయమున పొయ్యినుండి తీసిన బూడిదకు గాని, పగిలినదని పెంటపై పాఱవేసిన కుండకు గాని చరిత్రతో సంబంధము కలదని యెవరును తలంపరు. కాని వ్రాత తెలియని కాలమున జీవించినవారిని గూర్చి మనకు సాక్ష్యమిచ్చునవి యిట్టి వస్తువులే. వానిని ప్రశ్నించి ప్రత్యుత్తరము రాబట్టునది పురావస్తుశాస్త్రము. ఆ శాస్త్రము పనిచేయు విధమును మనకు సమీపమున నున్న యొక యుదాహరణముచే సోదరీమణులకు తెలుప నెంచితిమి.

బళ్లారి, రాయచూరు, అనంతపురము, పూర్వపు మహబూబునగరు జిల్లాల మెట్టభూములలో నక్కడక్కడ పెద్ద బూడిద దిబ్బలు కలవు. బళ్లారికి సమీపమున కుడతిని యొద్ద నున్న దిబ్బ ప్రసిద్ధమైనది. వీనిలో కొంత మెత్తని బూడిద. కొంత కరగి గడ్డకట్టి గాజువలె మెఱయు చిట్టెము. హంపీ చెంతనున్న నింబాపురపు దిబ్బను వాలి దహనస్థలమని జనులు చెప్పుకొందురు. వీనిని పరిశీలించిన వారిలో కొందఱు అగ్నిపర్వతముల పనియనిరి. కొందఱు ఇనుము కరగించిన కొలుములనిరి. మఱికొందఱు విజయనగర కాలమున స్త్రీలు సహగమనము చేసిన చితుల శేషమని కూడ నూహించిరి. ఒక్క బూడిదకే యిన్ని కథలు! వీనిలో నేది నిజమో తేల్చుటెట్లు?

మొదటి పని, ఊహను ప్రక్కనుంచి వస్తువును, దాని చుట్టు నున్నవానిని చూచుట. 1863లో మదరాసు చెంత పల్లావరమున ఆదిమానవుని రాతి పనిముట్టును కనుగొని ప్రఖ్యాతి గాంచిన రాబర్టు బ్రూసు ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ దిబ్బలను పరిశీలించెను. నునుపుచేసిన రాతిగొడ్డండ్లును, చేతితో చేసిన కుండల పెంకులును ఆ పరిసరములందు కనబడెను. ఈ దిబ్బలు లోహము నెఱుగని పశుపాలకులవనియు, కాలినది పశువుల పేడయనియు నాతడు తలంచెను. తరువాత జాయినరు అను పండితుడు కుడతిని బూడిదను పరీక్షించి, 1960లో ఆ యభిప్రాయమునే బలపఱచెను. ఏ పదార్థము కాలినదో తెలిసినది. ఎచ్చట, ఎట్లు కాలెనో తెలియుటకు త్రవ్వవలసి వచ్చెను.

త్రవ్వుట యనగా గునపముతో పెల్లగించుట కాదు. మట్టినేలపై ఏటేట అలికిన పూత పొరలు పొరలుగా పేరుకొనుట మన మెఱుగుదుము. అడుగుపొర పాతది, పైపొర క్రొత్తది. భూమి పొరలకును నిదే నియమము. కాని యొక చిక్కు కలదు. ధాన్యము దాచుటకు పైనుండి పాతర త్రవ్వినచో, అందు పడిన క్రొత్తవస్తువు పాతపొరల నడుమకు చేరును. కావున శోధకుడు లోతు నొక్కదానినే నమ్మక, పొరల రంగును, గోతుల అంచులను గమనించుచు, ప్రతివస్తువు దొరకిన చోటును వ్రాసికొనును.

1957లో ఆల్చిను అను పురావస్తుశాస్త్రజ్ఞుడు పూర్వపు మహబూబునగరు జిల్లాలోని ఉట్నూరు దిబ్బను ఇట్లే త్రవ్వించెను. పొరల నడుమ వరుసగా గుంజలు పాతిన గుంటలు కనబడెను. అవి పశువుల దొడ్డికి చుట్టు నాటిన దడి గుర్తులు. నేలపై పశువుల గిట్టల యచ్చులు చెదరక నిలిచి యుండెను! పశువులను కట్టుట, పేడ పేరుకొనుట, అది కాలుట, మరల దడి కట్టుట: ఈ క్రమము పలుమాఱులు జరిగినట్లు పొరలు తెలిపెను.

ఇక కాలనిర్ణయము. సజీవమైన ప్రతి వృక్షమునందును రేడియో కర్బనము స్వల్పముగా నుండును. వృక్షము చచ్చిన పిదప అది క్రమముగా క్షీణించి, సుమారు 5,730 సంవత్సరములకు సగమగును. మిగిలినదానిని కొలిచి బొగ్గు వయస్సు తెలిసికొను పద్ధతిని లిబ్బీ అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టి 1960లో నోబెలు బహుమానము నందెను. ఈ లెక్కచే ఉట్నూరు దొడ్డి క్రీస్తుకు పూర్వము మూడవ సహస్రాబ్దమునకు చెందినదని తేలెను. సహగమనపు చితుల యూహ యింతటితో నిలువకపోయెను.

ఆ జనులు తిన్నదేమి? బియ్యము కడుగునపుడు ఊక నీట తేలును గదా! అట్లే త్రవ్విన మట్టిని నీట కలిపినచో కాలిన గింజలు పైకి తేలును. వానిని సన్నని జల్లెడలో పట్టుదురు. బళ్లారి చెంతనున్న సంగనకల్లు మొదలగు చోట్ల ఉలవలు, పెసలు, అండుకొర్రలు నిట్లు దొరకినవి. నేటికిని మన వంటయిండ్ల నెఱిగిన గింజలే యవి!

మనుష్యుల యాచారములను పరిశీలించు మానవశాస్త్రమును ఈ పనికి తోడ్పడును. పేడను వారేల కాల్చిరి? భోగి, హోళీ వంటి పండుగల మంటలను, పశువులను మంటల మీదుగా తోలు నాచారములను తలంచి, ఇదియు ఋతువుల పండుగయై యుండునని ఆల్చిను భావించెను. పిమ్మట పూనా దక్కను కళాశాలకు చెందిన ఆచార్య పద్దయ్యగారు బుదిహాళునందు త్రవ్వించి, దొడ్డియు, పేడకుప్పయు, మనుష్యుల నివాసములును ఒకే గ్రామమున నుండుటను చూపిరి. నేటి యాచారము నిన్నటిదానికి దారి చూపును గాని ఋజువు కాజాలదు. ఋజువు మట్టియందే దొరకవలెను.

ఈ యుగపు గ్రామములలో మఱియొకటి కనబడుచున్నది. చనిపోయిన పసిబిడ్డలను పెద్ద కుండలందుంచి నివాసములయందే పాతిపెట్టిరి. ఆ తల్లుల పేళ్లు ఏ శాసనమునను లేవు. ఆ కుండ యున్నచోట నున్నంతవఱకే యది యొక తల్లి దుఃఖమునకు సాక్షి. పెల్లగించి యంగడిలో పెట్టినచో నది వట్టి పాతకుండ. గిట్టల యచ్చును చేత నెత్తి పేటికలో దాచుట యసలే సాధ్యము కాదు. చోటు చెడినచో సాక్ష్యమే నశించును.

విచారకరమైన సంగతి యేమనగా, ఇట్టి దిబ్బలలో పెక్కింటి బూడిదను పొలములకు ఎరువుగా బండ్ల కెత్తి తోలిరి. సంగనకల్లు ప్రాంతపు కొండలకు రాళ్లు కొట్టువారివలన హాని కలిగినది. తెలిసి చేసిన ద్రోహము కాదిది. బూడిదకు విలువ యేమని తలంచుటయే దీనికి మూలము.

కావున సోదరీమణులారా! బావి త్రవ్వునపుడో, పునాది తీయునపుడో, పొలము దున్నునపుడో పాతపెంకులు, రాతిగొడ్డలి, ఎముకలుగల కుండ కనబడినచో ఆ చోట పని నాపించి, దానిని కదల్పక, చోటును గుర్తించి, పురావస్తుశాఖ వారికి గాని, జిల్లా యధికారులకు గాని తెలుపుడు. పిల్లలకును నీ సంగతి బోధింపుడు. శాసనము వ్రాయించుకొనలేని కోట్లకొలది గృహస్థుల చరిత్ర యీ మట్టిలోనే కలదు. దానిని కాపాడు భారము ఆ మట్టిపై నివసించు మనదే.