నీటిసీసాలోని బుడగలు

ప్రాణము, అపానము మొదలగు పంచవాయువులు దేహమును నిలుపుచున్నవని మన పెద్దలు చెప్పుదురు. వాయువు తన స్థానమున నున్నంతకాలము బలము, స్థానము తప్పెనేని రోగము. ఈ మాట నవీనవైద్యమునకు ఎంతవరకు సరిపోవునో మేము నిర్ణయింపజాలము గాని, ఊపిరితిత్తులకు శస్త్రచికిత్స జరిగిన రోగి మంచమువద్ద కూర్చున్నవారికి మాత్రము అది అక్షరాల నిజమని తోచును.

అట్టి రోగి ప్రక్కటెముకల నడుమనుండి ఒక గొట్టము వెలువడి, మంచము క్రింద నీరు పోసిన సీసాలోనికి దిగియుండును. రోగి దగ్గినప్పుడెల్ల ఆ నీటిలో బుడగలు లేచును. వానిని చూచి ఇంటి ఆడువారు, "అయ్యో, ప్రాణమే బుడగలై పోవుచున్నదే!" యని కన్నీరు పెట్టుకొందురు. పోవుచున్నది ప్రాణము గాదు. పోవునదేమో, ఎన్నడాగునో, ఆగుటకు మనము చేయదగిన సహాయమేమో తెలిసియుండుట ఉపచారము చేయు స్త్రీకి మిక్కిలి యవసరము. అందువలననే సోదరీమణులకు ఈ నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

కుడి ఊపిరితిత్తికి మూడు భాగములు, ఎడమదానికి రెండు భాగములు గలవు. ఊపిరితిత్తిని కప్పి యొక పలుచని పొరయు, రొమ్ముగోడ లోపలివైపున మరియొక పొరయు నుండును. ఈ రెంటి నడుమ కొలదిపాటి తడి తప్ప గాలి యుండదు. తడిసిన రెండు గాజుపలకలు ఒకదానికొకటి అంటుకొన్నట్లు ఇవి కలిసియుండుటచేతనే, రబ్బరువలె ముడుచుకొనజూచు స్వభావముగల ఊపిరితిత్తి విచ్చుకొని నిలుచుచున్నది. క్యాన్సరుచేతనో, క్షయచేతనో చెడిన భాగమును కోసి తీసివేసినప్పుడు, మిగిలిన భాగమున కోతపడిన చోట, ఎంత నేర్పుతో కుట్టినను, సన్నని రంధ్రములు మిగులవచ్చును. పీల్చిన గాలి వానిగుండా పొరల నడుమకు కారును. ఆ గాలి అచ్చట నిలిచెనేని ఊపిరితిత్తి ముడుచుకొనిపోవును. దానిని వెలుపలికి పంపుటకే ఆ గొట్టము. గొట్టపు చివర నీటిలో మునిగియుండుటచేత గాలి బుడగలై వెలుపలికి పోవునే గాని తిరిగి లోనికి రాజాలదు.

ఇంత సులువైన యుపాయమును జర్మనీదేశమున హాంబర్గు నగరపు వైద్యుడు బ్యూలౌ 1875లో రొమ్ములోని చీమును తీయుటకై వాడెను. 1918లో అమెరికా సైనికశిబిరములలో ఇన్‌ఫ్లుయెంజా ప్రబలినప్పుడు, రొమ్మున చీముపట్టినవారికి తొందరపడి రొమ్ము తెరచుటచే గాలి లోనికి చొరబడి మరణములు హెచ్చినవి. ఎవార్ట్స్ గ్రేహాం అను శస్త్రవైద్యుడు సభ్యుడుగా నున్న సంఘము దీనిని పరిశోధించి, గాలి చొరనీయని పద్ధతిని బోధింపగా మరణములు మిక్కిలి తగ్గినవి. ఈ గ్రేహామే 1933లో క్యాన్సరు రోగి కొకనికి ఒక ప్రక్క ఊపిరితిత్తి నంతయు తీసి బ్రదికించెను. ఆ రోగి 1963 వరకు జీవించెను. సిగరెట్లు విరివిగా కాల్చిన గ్రేహాము మాత్రము 1957లో ఊపిరితిత్తుల క్యాన్సరుచేతనే మరణించెను. ఇంటిలో చుట్టలు, బీడీలు కాల్చు పురుషులకు ఈ కథ వినిపింపదగినది.

ఇక అసలు చర్చకు వచ్చెదము. సీసాను ఊరక నీటి అడ్డుతో నుంచవలెనా, లేక గోడకున్న పీల్పుయంత్రమునకు తగిలించి గాలిని లాగింపవలెనా? "లాగినచో ఊపిరితిత్తి విచ్చుకొని రొమ్ముగోడకు తగులును, తగిలినచో రంధ్రము మూతపడును" అని కొందరనిరి. "గాయపు అంచులను నిత్యము లాగుచుండగా అవి ఎట్లు కలియును?" అని మరికొందరనిరి. రెండును యుక్తముగానే యున్నవి. తర్కముచే తేలునది గాదు గనుక పరీక్షింపవలసివచ్చెను.

అమెరికాలో అలబామా రాష్ట్రపు వైద్యుడు సెర్ఫోలియో, ఆయన తోడివారు 2001లో ప్రకటించిన పరిశోధన యిట్టిది. శస్త్రచికిత్స జరిగిన 140 మందిలో రెండవదినమున 33 మందికి గాలి కారుచుండెను. వైద్యుని యిష్టముచొప్పున గాక, చీట్లు తీసినట్లు వారిని రెండు పంక్తులు చేసిరి. ఏలయన, వైద్యుడు దయచే బలహీనులను తనకు నమ్మకమున్న పంక్తిలో చేర్చెనేని పోలిక చెడిపోవును. నీటి అడ్డుతో మాత్రమే యుంచిన 18 మందిలో 12 మందికి మూడవదినపు ఉదయమునకే గాలి కారుట ఆగెను. లాగించిన 15 మందిలో ఒక్కరికి మాత్రమే ఆగెను! అయినను గాలి విస్తారముగా కారుచున్నవారిలో కొందరికి నీటి అడ్డుతో ఊపిరితిత్తి కొంత ముడుచుకొనెను. 2004లో ఇటలీదేశమున 145 మందిపై జరిగిన పరిశోధనలో రెండు పద్ధతులకును గాలి కారు కాలములో భేదము కనబడలేదు. అందుచేత అందరికిని లాగింపవలదనియు, అవసరమైనవారికి మాత్రము లాగింపవలెననియు వైద్యులు క్రమముగా తలంచుచున్నారు. 2019లో యూరపు శస్త్రవైద్యులు ప్రకటించిన సూచనలును ఇట్లే యున్నవి.

ఇందు మనకేమి? గోడకు కట్టిన రోగి మంచము దిగజాలడు. సీసా చేతబట్టుకొన్న రోగి నడువగలడు. నడచినవాడు త్వరగా కోలుకొనును.

బుడగలను కంటితో చూచి ఒక వైద్యుడు "కారుచున్న" దనియు, మరియొకడు "ఆగిన" దనియు అనుట కలదు. అందుచే నిమిషమునకు ఎంత గాలి పోవుచున్నదో అంకెలలో చూపు చిన్నయంత్రములు వచ్చినవి. 2014లో పలుదేశముల ఆసుపత్రులు 381 మందిపై పరీక్షింపగా, ఈ యంత్రమున్నవారికి గొట్టము సుమారు 4.7 దినములకు బదులు 3.6 దినములలో తీసిరి. 2015లో కెనడాలో జరిగిన పరీక్షయందు మాత్రము అట్టి లాభము తేలలేదు. నూతనమైనదెల్ల శ్రేష్ఠము కాదనుటకు ఇదియొక దృష్టాంతము.

సాధారణముగా కొలదిదినములలోనే గాలి ఆగును. అయిదుదినములు మించినచో దీర్ఘకాలపు కారుడందురు. అదియు తరచుగా తనంతట మానునదే. అట్టివారిని ఒకవైపునకు మాత్రమే గాలి పోనిచ్చు చిన్న కవాటము అమర్చి ఇంటికి పంపుటయు కలదు. కావున దినములు గడచినంతనే నిరాశపడరాదు.

ఇక మన చేతిలోని పని. సీసాను ఎన్నడును రోగి రొమ్ముకంటె పైకెత్తరాదు, నీరు వెనుకకు పోవును. గొట్టము మడతపడకుండ, రోగి క్రింద నలగకుండ చూడవలెను. వైద్యుని అనుమతి లేక దానిని బిగించి మూయరాదు. పోవలసిన గాలి లోపలనే నిలిచి ప్రాణాపాయము కలుగవచ్చును. హఠాత్తుగా ఆయాసము హెచ్చినను, మెడ రొమ్ము ఉబ్బి వ్రేలితో నొక్కిన చిటపటలాడినను, జ్వరము తగిలినను తక్షణము నర్సుకు తెలుపవలెను. ఇంటికి వచ్చిన పిమ్మట ఇవి కనబడినచో ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మన యిండ్లలో రెండు అలవాట్లు రోగికి శత్రువులు. మొదటిది, పథ్యమని చారు మెతుకులతో ఎండగట్టుట. కృశించినవారికి గాలి కారుట దీర్ఘమగునని వైద్యులు గమనించిరి. వైద్యుని సలహాతో పాలు, పప్పు, గ్రుడ్లు త్వరగా ఈయవలెను. రెండవది, నొప్పిని ఓర్చుకొనుటయే గొప్పతనమనుట. ముఖ్యముగా రోగి స్త్రీయైనచో "ఏమియు లేదమ్మా" యని పెదవి కరచుకొని పడియుండును. నొప్పికి జడిసి లోతుగా ఊపిరి పీల్చదు, దగ్గదు. కఫము నిలిచి న్యుమోనియా పట్టును. భూదేవివంటి ఓర్పు అన్నిచోట్ల మెచ్చదగినదే గాని ఇచ్చట గాదు. నొప్పిమందు అడిగి పుచ్చుకొనుమని, దిండు రొమ్మున కదుముకొని దగ్గుమని, గొట్టముతోనే నాలుగడుగులు నడువుమని చెప్పి చేయిపట్టి నడిపింపవలెను.

బుడగలు ఒక్కొక్కటిగా తగ్గి, నీరు నిశ్చలమైన దినమున వైద్యుడు పరీక్షించి గొట్టమును తీసివేయును. అంతవరకు రోగికి కావలసినది మన కన్నీరు గాదు, మన చేయూత.