వెబ్ పేజీలో అక్షరాలను సర్దిపెట్టే హెల్పర్లు

పరీక్ష ఫలితాలు, హాల్ టికెట్లు, ఉపకార వేతనాల దరఖాస్తులు, కౌన్సెలింగ్ తేదీలు అన్నీ ఈ రోజు వెబ్ పేజీల మీదనే వస్తున్నాయి. నెంబరు కొడతాం, పేజీ తెరుచుకుంటుంది, చూసుకుని వచ్చేస్తాం. కానీ ఆ పేజీలో మన పేరు పూర్తిగా పడటం, రూపాయల అంకెల మధ్య కామాలు సరైన చోట ఉండటం, నోటీసు పేరాలుగా విడిపోయి కనిపించడం వాటంతట అవే జరగవు. వాటి వెనుక చిన్న చిన్న ప్రోగ్రాము ముక్కలు పనిచేస్తాయి. వాటినే హెల్పర్ మెథడ్స్, అంటే సహాయక పద్ధతులు అంటారు. కంప్యూటర్ కోర్సుల్లో చేరబోయే తమ్ముళ్ళకు పనికి వస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

టెంప్లేట్ అంటే ఏమిటి?

బోనఫైడ్ సర్టిఫికెట్ మనందరికీ తెలిసిందే. 'శ్రీ ........ గారి కుమారుడు ........ ఈ కళాశాలలో ........ సంవత్సరం చదువుచున్నాడు' అని ముందే అచ్చు వేసి ఉంటుంది. గుమాస్తా అడ్మిషన్ రిజిస్టరు చూసి ఖాళీలు నింపుతాడు. వెబ్ పేజీ కూడా అంతే. ముందే తయారుచేసి పెట్టిన ఖాళీ ఫారం టెంప్లేట్. రిజిస్టరు లాంటిది డేటాబేస్. రిజిస్టరులో 1250000 అని ఉంటే ఫారంలో 12,50,000 అని రాయాలి, పేరు పెద్దదైతే గడిలో పట్టేలా రాయాలి. నింపేటప్పుడు చేసే ఈ సర్దుబాటు పనినే హెల్పర్లు చేస్తాయి.

ఉదాహరణకు 'రూబీ ఆన్ రైల్స్'ను తీసుకుందాం. రూబీ అనే భాషను జపాన్‌కు చెందిన యుకిహిరో మత్సుమోటో తయారుచేసి 1995లో విడుదల చేశారు. ఆ భాషలో వెబ్ సైట్లు కట్టడానికి డెన్మార్క్‌కు చెందిన డేవిడ్ హైనెమైయర్ హాన్సన్ 2004లో రైల్స్‌ను బయటపెట్టారు. అందులో మాటలను సర్దే హెల్పర్లన్నీ ఒకచోట చేర్చి ఉంటాయి. పైథాన్ భాషలోని జాంగోలో, పిహెచ్‌పిలో కూడా దాదాపు ఇవే పనులు చేసేవి వేరే పేర్లతో ఉన్నాయి. ఒకచోట నేర్చుకుంటే మిగతా చోట్ల పేరు మాత్రమే కొత్త.

పేరాలు విడగొట్టేది

వార్డెన్ గారు ఒక నోటీసును ఐదు లైన్లుగా టైపు చేశారనుకోండి. దాన్ని ఉన్నదున్నట్లు పేజీలో పెడితే ఐదు లైన్లూ కలిసిపోయి ఒకే ముద్దగా కనిపిస్తాయి. ఎందుకంటే బ్రౌజరు మామూలుగా ఎంటర్ కొట్టిన చోటును కూడా ఒక ఖాళీగానే లెక్క వేస్తుంది. లైను మారాలంటే హెచ్‌టిఎంఎల్‌లో దానికి ప్రత్యేకమైన గుర్తు ఉండాలి. రైల్స్‌లోని 'సింపుల్ ఫార్మాట్' ఆ పని చేస్తుంది. ఒకసారి ఎంటర్ కొట్టిన చోట లైను మార్పు గుర్తు, మధ్యలో ఖాళీ లైను వదిలిన చోట కొత్త పేరా గుర్తు పెడుతుంది. ఇదే పనికి జాంగోలో 'లైన్‌బ్రేక్స్' ఉంది. పిహెచ్‌పిలోని 'ఎన్‌ఎల్2బిఆర్' పేరాలు చేయదు కానీ లైన్లు విడగొడుతుంది.

కత్తిరించేది

నోటీసుల జాబితా పేజీలో ఒక్కో నోటీసుకు ఒక్క లైనే చోటు ఉంటుంది. అందుకని పొడుగు మాటలను కత్తిరించి చివర మూడు చుక్కలు పెట్టే హెల్పర్ 'ట్రంకేట్'. మనం కొలత చెప్పకపోతే అది మొత్తం 30 గుర్తులకు కుదిస్తుంది. ఆ ముప్పైలో మూడు చుక్కలు కూడా కలిసే ఉంటాయి కనుక మన మాటకు మిగిలేవి 27.

ఇప్పుడు ఈ నోటీసు చూడండి: 'ఉపకార వేతనాల దరఖాస్తుకు చివరి తేదీ ఈ నెల 25'. ట్రంకేట్ చేస్తే ఇలా అవుతుంది: 'ఉపకార వేతనాల దరఖాస్తుకు చివ...'. ఏది తెలియాలో అదే పోయింది. చూసినవాడు తరువాత చూద్దాంలే అనుకుంటే ఒక సంవత్సరం ఉపకార వేతనం పోవచ్చు.

ఇక్కడ తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. కంప్యూటరు మన అక్షరాన్ని ఒకటిగా లెక్కపెట్టదు. యూనికోడ్‌లో హల్లు ఒకటి, గుణింతం గుర్తు ఇంకొకటి, వత్తు రావడానికి పొల్లు మరొకటి. 'స్త్రీ' అనే మాట మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం కలిపి ఆరు. అందుకే పై నోటీసులో 27 గుర్తులు అంటే మనకు దక్కినవి 15 అక్షరాలు, మూడు ఖాళీలు మాత్రమే. ఇంగ్లీషులో అయితే అంతకంటే చాలా ఎక్కువ అక్షరాలు పట్టేవి.

ఇంకో ప్రమాదం అక్షరం మధ్యలో కత్తి పడటం. 'లక్ష్మి' పేరులో ఏడు గుర్తులు ఉన్నాయి. నాలుగో గుర్తు దగ్గర తెగితే 'లక్ష' మిగులుతుంది. మనిషి పేరు డబ్బు లెక్క అయిపోతుంది! 'పుస్తకం' మూడో గుర్తు దగ్గర తెగితే 'పుస' అవుతుంది. పిహెచ్‌పిలోని 'సబ్‌స్ట్రింగ్' ఇంకా మొరటుది, అది బైట్ల లెక్కన కోస్తుంది. తెలుగు గుర్తు ఒక్కొక్కటి యుటిఎఫ్-8లో మూడు బైట్లు కనుక మధ్యలో తెగితే అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం ఉన్న చిన్న బొమ్మ వస్తుంది.

దీనికి మార్గాలు ఉన్నాయి. ట్రంకేట్‌కు 'సెపరేటర్'గా ఖాళీని ఇస్తే మాట మధ్యలో కాకుండా మాటకూ మాటకూ మధ్యనే కత్తిరిస్తుంది. అప్పుడు పై నోటీసు 'ఉపకార వేతనాల దరఖాస్తుకు...' అని ఆగుతుంది. తెలుగు పేజీకి కొలత కూడా పెంచి ఇవ్వాలి. కంటికి ఒకటిగా కనిపించే అక్షరాన్ని ఒకటిగా లెక్కించే పద్ధతి యూనికోడ్‌లో ఉంది కానీ, చాలాకాలం అది 'స్త్రీ'ని మూడు ముక్కలుగానే చూసేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు సహా ఆరు భారతీయ లిపులకు వత్తులను కలిపి చూసే నియమం చేర్చారు. పాత సాఫ్ట్‌వేర్ వాడే చోట మాత్రం పాత లెక్కే ఉంటుంది.

నోటీసు రాసేవారికి కూడా ఒక సూచన. తేదీని ముందు రాయండి. '25వ తేదీలోగా ఉపకార వేతనాల దరఖాస్తు' అని రాస్తే ఎక్కడ తెగినా అసలు సంగతి మిగులుతుంది.

ఒకటి, రెండు

'1 బుక్', '2 బుక్స్' అని లెక్కను బట్టి మాట మార్చే హెల్పర్ 'ప్లూరలైజ్'. ఇంగ్లీషులో 'పర్సన్'ను 'పీపుల్' చేయడం కూడా దానికి తెలుసు. కానీ తెలుగు వ్యాకరణం తెలియదు. 'పుస్తకం' ఇచ్చి ఊరుకుంటే చివర ఇంగ్లీషు 'ఎస్' తగిలించి వదులుతుంది. కనుక 'పుస్తకాలు' అనే బహువచనాన్ని మనమే అందించాలి. చెట్టు చెట్లు అవుతుంది, ఊరు ఊళ్ళు అవుతుంది, రాయి రాళ్ళు అవుతుంది. ఒక్క సూత్రానికి లొంగేది కాదు మన భాష. పైగా పుస్తకాలు మూడు అంటాం, విద్యార్థులు ముగ్గురు అంటాం. అందుకే తెలుగు పేజీలకు ఏకవచనం, బహువచనం రెండూ రాసిపెట్టిన ప్రత్యేకమైన ఫైలు తయారుచేసుకోవడం మంచి పద్ధతి.

అంకెల మధ్య కామాలు

అంకెలకు కామాలు పెట్టే హెల్పర్ మూడేసి అంకెలకు ఒకటి చొప్పున పెడుతుంది. 1250000ను 1,250,000 అని చూపిస్తుంది. మన ఇంట్లోవాళ్ళు దాన్ని చూసి పన్నెండున్నర లక్షలని వెంటనే చదవలేరు. రైల్స్‌లో ఈ హెల్పర్‌కు 'డెలిమిటర్ ప్యాటర్న్' అనే అదనపు సూచన ఇచ్చి లక్షలు, కోట్ల పద్ధతిలో 12,50,000 అని చూపించవచ్చు. డబ్బు చూపే హెల్పర్ కూడా మనం చెప్పకపోతే డాలరు గుర్తే పెడుతుంది. 2010లో మన దేశం స్వీకరించిన ₹ గుర్తును మనమే ఇవ్వాలి.

అందంతో పాటు భద్రత

పేజీలో అభిప్రాయాలు రాసే గడి ఉందనుకోండి. ఎవరైనా అందులో మాటలకు బదులు ప్రోగ్రాము ఆదేశం రాస్తే? దాన్ని ఉన్నదున్నట్లు పేజీలో పెడితే చూసిన ప్రతివారి బ్రౌజరులోనూ అది నడుస్తుంది. 2005 అక్టోబరులో మైస్పేస్ అనే సైట్‌లో సామీ కమ్‌కార్ అనే యువకుడు తన ప్రొఫైల్‌లో ఇలాంటి ఆదేశం పెట్టాడు. ఆ సైటుకు వడపోత ఉన్నా దాన్ని తప్పించుకుని, ఒక రోజు తిరిగేలోగా పది లక్షలకు పైగా ప్రొఫైళ్ళకు పాకింది.

దీనికి విరుగుడు 'ఎస్కేప్' చేయడం. అంటే ఆదేశానికి వాడే కోణపు గుర్తులను బ్రౌజరు అమలు చేయకుండా ఉత్త గుర్తులుగా చూపేలా మార్చడం. మొదట్లో రైల్స్‌లో ఈ హెల్పర్‌ను ప్రోగ్రామరే గుర్తుపెట్టుకుని ప్రతిచోటా రాయాల్సి వచ్చేది. 2010లో వచ్చిన రైల్స్ 3 నుంచి అది దానంతట అదే జరుగుతోంది. అయితే 'రా' అనే హెల్పర్ ఈ రక్షణను తీసేస్తుంది. బయటివారు రాసిన మాటలకు దాన్ని ఎన్నడూ వాడకూడదు.

మూలాన్ని ముట్టుకోకూడదు

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇది. కత్తిరించడం, కామాలు పెట్టడం అంతా చూపేటప్పుడే జరగాలి, డేటాబేస్‌లో కాదు. ఫారంలో చోటు చాలలేదని ఎవరూ అడ్మిషన్ రిజిస్టరులో పేరు కొట్టివేయరు కదా. పదో తరగతి మెమోలో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఇంకో పేరు ఉంటే ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో మన హాస్టల్లో అందరికీ తెలుసు. తెర మీద తెగిన పేరును ఒక్క నిమిషంలో సరిచేయవచ్చు. రిజిస్టరులోనే తెగిన పేరును తిరిగి తెచ్చుకోవడానికి ఆ పిల్లవాడు, వాడి తండ్రి కూలి పని మానుకుని తిరగాలి.

రూబీ, పైథాన్, పిహెచ్‌పి అన్నీ ఉచితంగా దొరికేవే. ల్యాబ్‌లో కూర్చున్నప్పుడు మీ పేరును తెలుగులో టైపు చేసి దాని పొడవు ఎంతో కంప్యూటరును అడగండి. మీ లెక్కకూ దాని లెక్కకూ తేడా ఎందుకు వచ్చిందో వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. రేపు మనలో ఎవరో ఒకరు ఉపకార వేతనాల పేజీ తయారుచేసే కుర్చీలో కూర్చుంటారు. మన ఊరి పిల్లల పేర్లు, మన తేదీలు, మన లక్షల లెక్కలు ఆ పేజీలో ఎలా పడాలో తెలిసినవారు ఆ కుర్చీలో ఉండటం అవసరం.