ఒంటిపూట బడుల్లో చదువు: అపోహలు – వాస్తవాలు

తెలుగు రాష్ట్రాల ప్రాథమిక పాఠశాలల్లో సాధారణంగా మార్చి సగానికి ఒంటిపూట బడులు మొదలవుతాయి, ఏప్రిల్ నాలుగో వారంలో వేసవి సెలవులు ఇచ్చేస్తారు. ఈ కొద్ది వారాల చదువు మీద ఇళ్లలో చాలా అపోహలున్నాయి.

అపోహ: సిలబస్ అయిపోయింది, ఇక బడికి పంపినా పంపకపోయినా ఒకటే.

వాస్తవం: పాఠాలు అయిపోయినంత మాత్రాన అవి పిల్లలందరికీ వచ్చేసినట్టు కాదు. మూడో తరగతి పాప 403లోంచి 178 తీసేసి 375 అని రాసిందనుకుందాం. అజాగ్రత్త అనిపిస్తుంది గానీ, ఆ పాప ఒక పద్ధతి ప్రకారమే చేసింది: ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేసింది. అప్పు తెచ్చుకోవడం, అందులోనూ మధ్యలో సున్నా ఉన్నప్పుడు వందల నుంచి తెచ్చుకోవడం తనకు అర్థం కాలేదు. జవాబు 225 అని బోర్డు మీద రాసి దిద్దిస్తే ఈ తప్పు పోదు. పుల్లల కట్టలు ముందు పెట్టాలి. వంద కట్టను విప్పించి పది చిన్న కట్టలు కట్టించాలి, వాటిలో ఒకదాన్ని మళ్లీ విడి పుల్లలు చేయించాలి. మరుసటి వారం అలాంటిదే ఇంకో లెక్క ఇచ్చి చూడాలి. ఇంత ఓపికగా కూర్చోబెట్టి చెప్పడానికి టీచరుకు వీలు చిక్కేది కొత్త పాఠాల ఒత్తిడి తగ్గిన ఈ వారాల్లోనే. సరిగ్గా అప్పుడే పిల్లల్ని బడి మాన్పించడం అన్యాయం.

అపోహ: రివిజన్ అంటే ప్రశ్నలు, జవాబులు పదేసిసార్లు రాయించడం.

వాస్తవం: చూసి రాస్తే చెయ్యి నొప్పి పుడుతుందే తప్ప బుర్రకు పనుండదు. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, పాఠాన్ని పదేపదే చదివినవాళ్ల కంటే, చదివాక చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. చిన్న తరగతుల్లోనూ ఈ పద్ధతికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. సోమవారం నేర్పిన ఒత్తుల మాటల్ని శుక్రవారం పుస్తకాలు మూయించి డిక్టేషన్ చెబితే, ఎవరికి ఏ ఒత్తు రాలేదో తెలిసిపోతుంది.

అపోహ: ఏడాది చివరి పరీక్షలో మార్కులు రాకపోతే ఒకటో తరగతి పిల్లల్నైనా అక్కడే ఆపేస్తారు.

వాస్తవం: 2009 నాటి విద్యాహక్కు చట్టం అందుకు ఒప్పుకోదు. 2019 సవరణ రాష్ట్రాలకు వెసులుబాటు ఇచ్చింది 5, 8 తరగతుల్లో మాత్రమే. అక్కడా తప్పినవాళ్లకు ముందు అదనపు బోధన, రెండు నెలల్లోగా మరో పరీక్ష ఉండాలి.

అపోహ: ఎలాగూ వేసవిలో మరిచిపోతారు, ఇప్పుడు చెప్పి లాభం లేదు.

వాస్తవం: కొంత మరుపు నిజమే. అమెరికా బడుల మీద వచ్చిన అధ్యయనాలను 1996లో హారిస్ కూపర్ బృందం కలిపి చూస్తే, సెలవుల్లో సగటున నెల రోజుల చదువు వెనకబడినట్టు తేలింది. లెక్కలు చేయడం, స్పెల్లింగుల్లో ఆ నష్టం ఎక్కువ. అంటే మిగతా నెలల చదువు నిలిచే ఉంటుంది. ఏ పిల్లకు ఏది రాలేదో ఏప్రిల్‌లోనే రాసిపెట్టి పై తరగతి టీచరుకు అందిస్తే, జూన్‌లో బడి తెరిచాక ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కర్లేదు.