వాలు కప్పు కింద కేబుల్ ట్రే ఆధారాలు: విత్తన షెడ్డు నమూనాలో సరిచూడవలసిన కొలతలు

సంగం వద్ద పెన్నాపై 2022లో ప్రారంభమైన బ్యారేజీ పాత ఆనకట్ట ఆయకట్టుకు నీరందిస్తున్నది. ఈ ఆయకట్టులో పండించిన వరి విత్తనాన్ని మామూలు సంచులలో నిల్వ చేయాలంటే తేమ 13 శాతానికి మించరాదు. కనుక విత్తన శుద్ధి షెడ్డుకు ఆరబెట్టే యంత్రం, ఎలివేటర్లు, పంకాలు తప్పనిసరి. వీటికి కరెంటునిచ్చే కేబుళ్లు రేకుల కప్పు కింద ట్రేలలో సాగుతాయి. ఇటువంటి షెడ్డుల నమూనాలు ఇప్పుడు రెవిట్ వంటి సాఫ్ట్‌వేర్‌లో తయారై, ఆమోదం కోసం మా వంటి సేద్య శాస్త్రజ్ఞుల బల్ల మీదికి వస్తున్నవి.

నేను చూచిన ఒక షెడ్డులో, నమూనా పట్టిక ప్రకారం రాడ్డులన్నీ 60 సెంటీమీటర్ల పొడవున తెప్పించారు. కొప్పు దగ్గర అవి అందకపోవడంతో బైండింగ్ వైరుతో కట్టారు. కోతల కాలంలో ట్రే జారి, ఆరబెట్టే యంత్రం ఆగింది. తడి విత్తనపు రాశి వేడెక్కింది. మొలక శాతం కనీస ప్రమాణమైన 80కి దిగువకు పడిపోగా, ఆ రాశి తిండి గింజగానే అమ్ముడైంది.

ట్రే సమతలంగా ఉంటుంది, కప్పు చూరు నుండి కొప్పుకు లేస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. వాలు 10 డిగ్రీలైతే ప్రతి మీటరుకు కప్పు సుమారు 17.6 సెంటీమీటర్లు పైకి పోతుంది. షెడ్డుకు అడ్డంగా సాగే ట్రేకు 1.5 మీటర్ల ఎడంతో ఆధారాలు పెడితే, ఒక్కొక్క ఆధారానికి పొడవు 26 సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది. గోడ వద్ద 30 సెంటీమీటర్లున్న రాడ్డు, 6 మీటర్ల దూరాన కొప్పు కింద 136 సెంటీమీటర్లు కావాలి. షెడ్డు పొడవునా సాగే ట్రేకు ఆధారాలన్నీ ఒకే తీరున ఉంటాయి గాని, ఒకే ఆధారంలోని రెండు రాడ్డుల మధ్య 40 సెంటీమీటర్ల ఎడముంటే వాటి పొడవులలో 7 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఎక్కువమంది మరచేది ఈ 7 సెంటీమీటర్లనే.

ఒక ఆధారాన్ని గీసి వరుసగా నకలు చేస్తే కొన్ని రాడ్డులు రేకును చీల్చుకుపోతాయి, కొన్ని గాలిలో ఆగిపోతాయి. పై నుండి చూచే ప్లానులో ఈ రెండు తప్పులూ కనబడవు. అడ్డుకోత చిత్రం అడగాలి. రాడ్డు పొడవును టైప్ పరామితిగా పెడితే ఒకటి మార్చినప్పుడు ఆ రకానివన్నీ మారతాయి. ఇన్‌స్టాన్స్ పరామితిగా పెడితే ప్రతి ఆధారానికీ దాని కొలత దానికే ఉంటుంది. ఆధారాన్ని కప్పు తలానికి అతికిస్తే రాడ్డు ఆ తలానికి లంబంగా, అంటే నిలువు నుండి 10 డిగ్రీలు వాలి నిలుస్తుంది. మీటరు రాడ్డు అడుగు 17 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. రాడ్డు నిలువుగానే నిలిచేలా అమర్చి దీనిని నివారించాలి.

అంతకంటె ముఖ్యమైనది పై కొన. బరువు మోసేది రేకు కాదు, పర్లిన్. వాలు వెంట 1.4 మీటర్లకొక పర్లిన్ ఉన్నప్పుడు వాటి సమతల దూరం 1.38 మీటర్లే అవుతుంది. అప్పుడు 1.5 మీటర్ల లెక్కన పెట్టిన ఆధారాలు రేకు కిందనే పడతాయి. ఎడం పర్లిన్‌ను బట్టి నిర్ణయించాలి, రాడ్డుల తేడా అప్పుడు 24 సెంటీమీటర్లు. పొడవునా సాగే ట్రేకైతే రెండు పర్లిన్‌లను కలుపుతూ ఒక అడ్డు ఛానెల్ వేసి, దానికి రాడ్డులు దింపాలి. పర్లిన్‌లు సాధారణంగా వేరొకరి ఫైలు నుండి లింకుగా వస్తాయి కనుక, అక్కడ వాలు మారిన ప్రతిసారీ ఇక్కడి పొడవులను మళ్లీ చూచుకోవాలి.

ట్రేను కూడా వాలుగానే పట్టుకుపోతే రాడ్డులన్నీ సమానమవుతాయి కదా అని కొందరు అడుగుతారు. లెక్క సులువే. కాని ఆత్మకూరు, ఉదయగిరి ఎండలలో రేకుకు ఆనుకొని ఉండే గాలి మిక్కిలి వేడిగా ఉంటుంది. చుట్టూ వేడి పెరిగినకొద్దీ కేబుల్ మోయగల కరెంటు తగ్గుతుంది కాబట్టి, ఆ పద్ధతికి కేబుల్ మందమూ ఖర్చూ పెంచవలసి వస్తుంది.