శానిటైజర్‌కి మోగే గ్యాస్ అలారం

వంటింట్లో గ్యాస్ అలారం పెట్టించుకున్న ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "సిలిండర్ కట్టేసే ఉంది. చేతులకు శానిటైజర్ రాసుకుంటే చాలు, గోల పెడుతోంది. చెడిపోయిందంటారా?" లేదమ్మా, భేషుగ్గా పనిచేస్తోంది! ఇంత మంచి ప్రశ్న ఈ మధ్య నాకు రాలేదు.

ఇలాంటి అలారాల్లో ఎక్కువగా వాడేది టిన్ ఆక్సైడ్ అనే అర్ధవాహకం. దాన్ని సెన్సర్‌గా మలిచింది జపాన్ ఆవిష్కర్త నవోయోషి టగుచి. 1962లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. అదే ఏడాది క్యుషు విశ్వవిద్యాలయంలో టెట్సురో సెయామా వాయువు సోకితే కరెంటు ప్రవాహం మారే గుణాన్ని జింక్ ఆక్సైడ్ పొరలో చూపించారు. చరిత్ర ఇంతటితో ఆపుదాం. అసలు అందం ఆ పెట్టె లోపల ఉంది.

టిన్ ఆక్సైడ్ పొడిని కాలిస్తే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, గాలి చొరబడేంత గుల్లగా తయారవుతుంది. దాన్ని చిన్న హీటరు 300, 400 డిగ్రీల వేడిలో ఉంచుతుంది. ఆ వేడిలో గాలిలోని ఆక్సిజన్ రేణువుల ఒంటికి అంటుకుని, పైపొరలోని ఎలక్ట్రాన్లను లాగేసుకుంటుంది. రెండు రేణువులు కలిసేచోట ఇటూ అటూ ఖాళీ అయిన పొరలే కాబట్టి, కరెంటుకు అడ్డుగోడ లేస్తుంది. ఇప్పుడు వంటగ్యాస్‌లోని బ్యూటేన్ వచ్చిందనుకోండి. అది ఆ ఆక్సిజన్‌తో కలిసి, నీరూ కార్బన్ డయాక్సైడూ అయి వెళ్లిపోతుంది. ఆక్సిజన్ పట్టేసుకున్న ఎలక్ట్రాన్లు మళ్లీ రేణువులోకి దిగుతాయి. గోడ కుంగుతుంది. ఆ ఎత్తు కాస్త తగ్గినా కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇంత కొంచెం గ్యాస్‌కే అంత స్పందన అందుకే!

ఆ ఖాళీ పొర మందం సుమారు 3 నానోమీటర్లు. మరి రేణువే 6 నానోమీటర్ల కంటే చిన్నదైతే? పైపొరంటూ వేరే ఉండదు, రేణువంతా ఖాళీ అవుతుంది, స్పందన ఒక్కసారిగా ఎగబాకుతుంది. నొబోరు యమజోయె బృందం 1991లో దీన్ని చూపించింది. నాకు ఈ రంగమంతటిలోకీ ప్రియమైన ఫలితం అది.

ఇంకో ముచ్చట. ట్రాన్సిస్టర్ సృష్టికర్తల్లో ఇద్దరు, బ్రాటెయిన్, బార్డీన్, చుట్టూ ఉన్న వాయువును బట్టి జెర్మేనియం ఉపరితలం తీరు మారుతుందని 1953లోనే ప్రచురించారు. ఎలక్ట్రానిక్స్ వాళ్లకు మాత్రం అది బెడదగానే తోచింది. తేమ సోకకుండా ట్రాన్సిస్టర్లను లోహపు డబ్బాల్లో బిగించేశారు. వాళ్లు గాలి తగలకుండా దాచిన గుణాన్నే టగుచి గాలికి పెట్టారు.

శానిటైజర్ సంగతి ఇక తేలికే. బ్యూటేన్ ఏదో, ఆల్కహాల్ ఏదో ఈ సెన్సర్‌కు తెలియదు. తన మీది ఆక్సిజన్ తరిగిందన్న ఒక్క సంగతే తెలుసు. ఆల్కహాలూ దాన్ని తరిగించేదే.

నా ఫిర్యాదల్లా వాడకం మీదే. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేలబారుగా పాకుతుంది. అయినా అలారాన్ని చిమ్నీ పక్కన ఎత్తున బిగిస్తారు! మన ఇంజినీరింగ్ విద్యార్థులు ఇదే రకం ఎంక్యూ-2 సెన్సర్ కొనుక్కొచ్చి, స్విచ్ వేసిన నిమిషానికే అంకెలు రాసేసుకుంటారు. కొత్త సెన్సర్‌ను 24 గంటలకు పైగా వేడెక్కించాలని తయారీదారులు ఇచ్చే కాగితంలోనే ఉంటుంది. రేణువుల మీది తేమ పోయి, ఆక్సిజన్ కుదురుకోకముందే తీసిన అంకెల్ని ప్రాజెక్టు రికార్డులో ఎక్కించకండి.